డిస్క్ నిండినప్పుడు కెర్నల్ చెప్పే మాట

(విశాఖపట్నంలో ఇంజినీరింగ్ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర అడిగిన ప్రశ్నల్లో కొన్నింటిని కూడా చేర్చాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందు వరుసల్లోకి రండి. తెర మీద అక్షరాలు చిన్నవి, దగ్గరగా ఉంటేనే కనిపిస్తాయి.

మొదట ఒక ప్రోగ్రామ్ నడుపుదాం. మీరందరూ మొదటి సంవత్సరంలోనే రాసినది: సీ భాషలో ‘హలో వరల్డ్’. ఒక ప్రింట్‌ఎఫ్, దాని కింద రిటర్న్ సున్నా. ఇప్పుడు దీని అవుట్‌పుట్‌ను తెరకు కాకుండా వేరే చోటికి మళ్లిస్తున్నాను. లినక్స్‌లో ‘డెవ్’ డైరెక్టరీ కింద ‘ఫుల్’ అనే పరికర ఫైలు ఒకటి ఉంటుంది. ‘డెవ్ నల్’ మీలో చాలామందికి తెలుసు, అందులో ఏది రాసినా మాయమైపోతుంది. ‘డెవ్ ఫుల్’ మాత్రం ఎప్పుడూ నిండిపోయిన డిస్క్‌లాగే ప్రవర్తిస్తుంది. ఒక్క బైటు రాయబోయినా చోటు లేదని ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ తిప్పి పంపుతుంది.

నడిపాను. తెర మీద ఏ ఫిర్యాదూ రాలేదు. ప్రోగ్రామ్ ఏ స్థితితో ముగిసిందో షెల్‌ను అడుగుదాం. సున్నా అంటోంది. అంటే విజయం. ఒక్క అక్షరం కూడా ఎక్కడికీ చేరలేదు, అయినా పని సవ్యంగా జరిగిందని ఈ ప్రోగ్రామ్ చెప్పింది. ఇప్పుడు ఇదే ప్రోగ్రామ్‌ను స్ట్రేస్ కింద నడుపుతాను, ప్రోగ్రామ్ కెర్నల్‌ను ఏమేమి అడిగిందో చూపించే పనిముట్టు అది. చివరి రెండు వరుసలు చూడండి. మొదటిది రైట్ అనే సిస్టమ్ కాల్, అంటే కెర్నల్‌కు చేసే పిలుపు. దాని ఫలితం మైనస్ ఒకటి, పక్కన ఈనోస్పేస్ అనే ఎర్రర్. దాని కింద ఎగ్జిట్, బ్రాకెట్లలో సున్నా. చోటు లేదని కెర్నల్ స్పష్టంగానే చెప్పింది. ఆ మాట విని ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయవలసిన చోట ఏమీ జరగలేదు. ఈ రెండు వరుసల మధ్య ఏమి జరగాలో చెప్పడానికే ఈ సాయంత్రం మీ ముందుకు వచ్చాను.

ఇది మార్కుల కోసం గుర్తుపెట్టుకునే విషయం కాదు. మన ఊరినే తీసుకోండి. ఈ రేవులో సముద్ర మట్టాన్ని కొలిచే పరికరం ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆ అలలు ఇక్కడి పరికరంలో నమోదయ్యాయి, ఆ తరువాత శాస్త్రవేత్తలు ఆ నమోదులను అధ్యయనం చేశారు. వాతావరణ శాఖ తుపాను హెచ్చరిక కేంద్రం కూడా ఈ ఊళ్లోనే ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఇక్కడే తీరం దాటింది. ఆ రోజు వీచిన గాలిని ఇంకోసారి కొలవలేం. కొన్ని కొలతలు ఒక్కసారే వస్తాయి. ఆ కొలతలను ఫైల్లోకి రాసే ప్రోగ్రాములు రాయబోయేది మీరే. వేబ్రిడ్జి మీద లారీ బరువు రాసేది, ఉక్కు కర్మాగారంలో ఉష్ణోగ్రతలు రాసేది, ఆసుపత్రి ల్యాబ్‌లో రక్త పరీక్ష ఫలితం రాసేది, అన్నీ చివరికి రైట్ అనే ఒకే సిస్టమ్ కాల్ దగ్గరికే వస్తాయి. అక్కడ మీరు ఒక్క పోలిక రాయకపోతే, ఏనాడో ఒక రాత్రి డిస్క్ నిండుతుంది, మీ ప్రోగ్రామ్ మాత్రం ‘భద్రపరిచాను’ అంటూనే ఉంటుంది. దానిని నమ్మినవాళ్లకు ఆ విషయం తెలిసేసరికి ఆ కొలత మళ్లీ దొరకదు. అందుకే ఈ విషయంలో నాకు ఇంత పట్టుదల.

సరే, ఇందాకటి ప్రోగ్రామ్‌లో ఏమి జరిగిందో విప్పి చూద్దాం. ప్రింట్‌ఎఫ్ పిలిచినప్పుడు మీ అక్షరాలు డిస్క్‌కు వెళ్లవు, కెర్నల్‌కు కూడా వెళ్లవు. సీ లైబ్రరీ వాటిని మీ ప్రాసెస్ మెమరీలోనే ఒక బఫర్‌లో దాచుకుంటుంది. ఫైలుకు రాస్తున్నప్పుడు ఈ బఫర్ సాధారణంగా 4,096 బైట్లు ఉంటుంది. అది నిండినప్పుడో, మీరు ఎఫ్‌ఫ్లష్ పిలిచినప్పుడో, ఫైలు మూసినప్పుడో మాత్రమే అసలైన రైట్ జరుగుతుంది. మన ప్రోగ్రామ్ రాసింది పదమూడు, పద్నాలుగు అక్షరాలు. ప్రింట్‌ఎఫ్ ఆ లెక్కే తిరిగి ఇచ్చింది, దాని వరకు అది నిజమే, బఫర్‌లోకి చేరాయి కదా. మెయిన్ ముగిశాక, ఎగ్జిట్ దారిలో, లైబ్రరీ బఫర్‌ను ఖాళీ చేయబోయింది. అప్పుడు వచ్చింది ఈనోస్పేస్. ఆ సమయానికి మీ కోడ్‌లో నడిచే వరుస ఒక్కటీ మిగలలేదు. లైబ్రరీ ఆ ఎర్రర్‌ను ఎవరికి చెప్పాలి? ఎవరికీ చెప్పలేదు.

కాబట్టి ప్రింట్‌ఎఫ్ ఫలితాన్ని మాత్రమే పరీక్షించడం చాలదు. పని అయిపోయాక, ఇంకా మీ చేతిలో అధికారం ఉండగానే, ఎఫ్‌ఫ్లష్ పిలిచి దాని ఫలితం చూడాలి. ఎఫ్‌క్లోజ్ ఫలితం కూడా చూడాలి. మీరు రోజూ వాడే క్యాట్, సార్ట్ వంటి గ్నూ పనిముట్లు ఇదే చేస్తాయి. ప్రోగ్రామ్ ముగిసే సమయంలో నడిచేలా ఒక చిన్న ఫంక్షన్‌ను ముందే నమోదు చేసుకుంటాయి. అది అవుట్‌పుట్‌ను మూసి, విఫలమైతే సందేశం ఇచ్చి, సున్నా కాని స్థితితో ముగిస్తుంది. క్యాట్‌ను ‘డెవ్ ఫుల్’ మీదికి మళ్లించి చూపిస్తాను. చూడండి, పరికరంలో చోటు లేదని ఫిర్యాదు చేసింది, ముగింపు స్థితి ఒకటి. ఇంత చిన్న పనిముట్టుకు కూడా దానిని రాసినవాళ్లు ఆ శ్రద్ధ పెట్టారు.

ఇప్పుడు బఫర్లను పక్కన పెట్టి నేరుగా రైట్ దగ్గరికి వద్దాం. ఇక్కడ చాలామంది తెలుసుకోని సంగతి ఒకటుంది. రైట్‌కు గెలుపు, ఓటమి అని రెండు ఫలితాలే ఉన్నాయనుకుంటారు. మూడోది ఉంది, నష్టం ఎక్కువగా జరిగేది అక్కడే. మన రేవు గోదాముకు లారీలో వంద బస్తాలు తెచ్చారనుకోండి. లోపల అరవైకే చోటుంది. గుమాస్తా అరవై దించుకుని, అరవై అని రాసిన చీటీ మీ చేతిలో పెడతాడు. చీటీ చదవకుండా జేబులో వేసుకుని, యజమాని దగ్గరికి వెళ్లి వంద బస్తాలూ దించానని చెబితే తప్పు గుమాస్తాది కాదు. రైట్ కూడా అంతే. మీరు లక్ష బైట్లు ఇచ్చారు, డిస్క్‌లో 61,440 బైట్లకే చోటుంది. రైట్ మైనస్ ఒకటి ఇవ్వదు. 61,440 అని ఇస్తుంది. ఎర్రర్ కారణం సంఖ్యగా చేరే ఎర్నో అనే వేరియబుల్‌లో కొత్త ఎర్రర్ ఏదీ చేరదు. మిగిలిన 38,560 బైట్లతో రెండోసారి పిలిచినప్పుడే మైనస్ ఒకటి, ఈనోస్పేస్ వస్తాయి. లినక్స్‌లో ఆ ఎర్రర్ సంఖ్య 28.

అందువల్ల ‘ఫలితం సున్నా కన్నా తక్కువైతే తప్పు’ అని మాత్రమే రాసిన కోడ్ నిండిన డిస్క్ మీద సగం ఫైలు రాసి, అంతా రాశానని చెప్పగలదు. ఈ పోలికను నేను విద్యార్థుల ప్రాజెక్టుల్లో తరచూ చూస్తుంటాను. అడిగితే ‘ఎర్రర్ చూస్తున్నాం కదా’ అంటారు. చూడవలసింది అడిగిన లెక్కకు, వచ్చిన లెక్కకు మధ్య తేడా. తక్కువ వస్తే, రాసినంత మేర ముందుకు జరిగి మిగిలినదానితో మళ్లీ పిలవాలి. అంతా అయ్యేదాకా, లేదా నిజమైన ఎర్రర్ వచ్చేదాకా ఇది ఒక లూపులో జరగాలి. సిగ్నల్ అడ్డుపడి ఈఇంటర్ వస్తే అది ఓటమి కాదు, మళ్లీ పిలవండి. డిస్క్‌లో ఎంత చోటున్నా లినక్స్ ఒక్క పిలుపులో గరిష్ఠంగా 214 కోట్ల 74 లక్షల 79 వేల 552 బైట్లు మాత్రమే రాస్తుంది. పెద్ద బఫర్‌ను ఒక్కసారే ఇచ్చేవాళ్లకు ఖాళీ డిస్క్ మీద కూడా ఈ లూపు కావాలి.

ఎర్రర్ వచ్చిన వెంటనే ఎర్నో విలువను ఒక సొంత వేరియబుల్‌లో దాచుకోండి. మధ్యలో ఒక సందేశం ముద్రించినా, ఒక ఫైలు మూసినా, ఆ పిలుపులు ఎర్నోను మార్చేయవచ్చు. అప్పుడు డిస్క్ నిండిన సంగతికి బదులు సంబంధం లేని కారణమేదో వాడుకరికి చెబుతారు. పాపం, ఆ మనిషి ఆ కారణం వెంటే రోజంతా తిరుగుతాడు.

కంపైలర్ ఈ విషయంలో కొంత సాయపడుతుంది. ఉబుంటులో ఆప్టిమైజేషన్‌తో కంపైల్ చేస్తే, రైట్ ఫలితాన్ని వాడకుండా వదిలేసిన చోట జీసీసీ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను దాచేయడానికి దారులు వెతకకండి. క్లోజ్‌కు మాత్రం అలాంటి హెచ్చరిక రాదు, అక్కడ మీరే జాగ్రత్తపడాలి. ఈ నిర్లక్ష్యం విద్యార్థులకే పరిమితమని కూడా అనుకోకండి. 2008లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లినక్స్ ఫైల్ సిస్టమ్‌ల కోడ్‌నే జల్లెడ పట్టి చూస్తే, ఎర్రర్ కోడ్ తిరిగి ఇచ్చే పిలుపుల్లో నూటికి సుమారు 13 చోట్ల ఆ కోడ్ మధ్యలోనే జారిపోతున్నట్టు తేలింది.

ఇప్పుడు చెప్పేది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం, కొంచెం నెమ్మదిగా చెబుతాను. ఇప్పటికే ఉన్న ఫైలును కొత్త సమాచారంతో మార్చాలి. మార్కుల జాబితా అనుకోండి. సాధారణంగా అందరూ చేసేది, ఫైలును రాయడానికి తెరవడం, కొత్తది రాయడం, మూయడం. రాయడానికి తెరిచిన క్షణంలోనే పాత ఫైలు పొడవు సున్నా అవుతుంది. షెల్‌లో మళ్లింపు గుర్తు పెట్టినా ఇదే జరుగుతుంది. అంటే మీరు ఒక్క బైటు రాయకముందే పాత జాబితా పోయింది. ఆ తరువాత డిస్క్ నిండి రైట్ విఫలమైతే కొత్తదీ లేదు, పాతదీ లేదు. ఎర్రర్‌ను మీరు ఎంత చక్కగా పట్టుకున్నా, ఎంత మంచి సందేశం ఇచ్చినా, పోయినది రాదు. ఎర్రర్ పరీక్షించడం అవసరం, కానీ పరీక్షించే సమయానికి పోగొట్టుకోకూడనిది మన చేతిలో ఇంకా ఉండాలి.

అందుకు ఏళ్లుగా నిలబడిన పద్ధతి ఒకటి ఉంది. అదే డైరెక్టరీలో వేరే పేరుతో తాత్కాలిక ఫైలు తెరవండి. అంతా దానిలో రాయండి, ప్రతి రైట్‌నూ పరీక్షించండి. డేటాను డిస్క్‌కు చేర్చమని కెర్నల్‌ను అడిగే ఎఫ్‌సింక్ పిలిచి దాని ఫలితం చూడండి. మూసి, క్లోజ్ ఫలితం చూడండి. అన్నీ సరిగా ఉంటేనే రీనేమ్‌తో పాత పేరు మీదికి మార్చండి. మధ్యలో ఎక్కడ విఫలమైనా తాత్కాలిక ఫైలును తీసేసి వెనక్కి వచ్చేయండి, పాతది చెక్కుచెదరకుండా ఉంటుంది. అదే డైరెక్టరీ అని ఎందుకు అంటున్నానంటే, రీనేమ్ ఒక ఫైల్ సిస్టమ్ నుంచి మరో ఫైల్ సిస్టమ్‌కు పనిచేయదు. తాత్కాలిక ఫైళ్ల కోసం ఉన్న ‘టీఎంపీ’ వేరే ఫైల్ సిస్టమ్ కావచ్చు. కరెంటు పోయినా కొత్త పేరు నిలవాలంటే రీనేమ్ తరువాత ఆ డైరెక్టరీని కూడా తెరిచి ఎఫ్‌సింక్ చేయాలి. మన ఊళ్లో తుపాను రోజుల్లో కరెంటు సంగతి నేను చెప్పనక్కర్లేదు.

ఈ పద్ధతికి ఖర్చు లేకపోలేదు. కాసేపు పాతదీ కొత్తదీ రెండూ డిస్క్ మీద ఉంటాయి, అంత చోటు కావాలి. డిస్క్ దాదాపు నిండి ఉంటే, నేరుగా రాసేవాళ్లకన్నా ఈ పద్ధతి పాటించేవాళ్లే ముందు విఫలమవుతారు. పాత సమాచారం భద్రంగా ఉండగా విఫలమవడం నాకు సమ్మతమే.

ఎఫ్‌సింక్ అన్నాను కదా. రైట్ విజయవంతమైతే డేటా కెర్నల్ మెమరీకి చేరిందని అర్థం, డిస్క్‌కు చేరిందని కాదు. కెర్నల్ తీరికగా తరువాత రాస్తుంది. ఈఎక్స్‌టీ4 వంటి ఫైల్ సిస్టమ్ సొంత డిస్క్ మీద చోటును ముందే లెక్కలో పట్టి ఉంచుతుంది కాబట్టి, మామూలుగా ఈనోస్పేస్ రైట్ దగ్గరే తెలుస్తుంది. అయితే మీ కాలేజీ ల్యాబ్‌లో హోమ్ డైరెక్టరీలు ఎన్ఎఫ్ఎస్ మీద ఉంటే సంగతి వేరు. అక్కడ డిస్క్ వేరే యంత్రంలో ఉంది. రైట్ విజయవంతమైందని మీ యంత్రం చెప్పాక, ఆ డేటా నెట్‌వర్క్ మీదుగా అక్కడికి చేరినప్పుడు చోటు లేదనో, మీ కోటా అయిపోయిందనో సర్వర్ చెప్పవచ్చు. ఆ కబురు మీకు ఎఫ్‌సింక్‌లోనో క్లోజ్‌లోనో అందుతుంది. క్లోజ్ ఎందుకు విఫలమవుతుంది, దాని ఫలితం చూడడం దండగ అనుకునేవాళ్లు ఆ కబురును పోగొట్టుకుంటారు. కోటా దాటినప్పుడు వచ్చే ఎర్రర్ ఈనోస్పేస్ కాదు, ఈడీకోట్, సంఖ్య 122. 28 ఒక్కదాన్నే పట్టుకుని మిగతావి వదిలేసే కోడ్ దీన్ని కూడా వదిలేస్తుంది. క్లౌడ్ యంత్రాల్లో ఉన్న చోటు కన్నా ఎక్కువ ఉన్నట్టు చూపించే నిల్వ పద్ధతి కూడా ఉంది. అక్కడ మీ ఫైల్ సిస్టమ్ లెక్క ప్రకారం చోటు ఉంటుంది, దాని కింది నిల్వలో ఉండదు.

ఎఫ్‌సింక్ విఫలమైతే మళ్లీ పిలిస్తే సరిపోతుందా? చాలా కాలం అందరూ సరిపోతుందనే అనుకున్నారు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ రాసేవాళ్లు కూడా. 2018లో ఈ నమ్మకం పటాపంచలైంది. లినక్స్‌లో ఒక పేజీని డిస్క్‌కు రాయడం విఫలమైతే, కెర్నల్ ఆ ఎర్రర్‌ను ఒకసారి చెప్పి, ఆ పేజీని శుభ్రమైనదిగా గుర్తు పెట్టవచ్చు. మీరు రెండోసారి ఎఫ్‌సింక్ పిలిచినప్పుడు రాయవలసిన పేజీ ఏదీ కనిపించదు, కాబట్టి విజయం అని వస్తుంది. డేటా డిస్క్ మీద లేదు. డేటాబేస్ మాత్రం చేరిందని నమ్మి, పాత లాగ్‌ను వదిలేస్తుంది. దాదాపు ఇరవై ఏళ్లుగా నిపుణులు జాగ్రత్తగా రాసుకుంటూ వచ్చిన కోడ్‌లో ఈ నమ్మకం ఉండిపోయిందంటే, ఎర్రర్ వచ్చిందని తెలుసుకోవడం ఒక ఎత్తు, ఆ ఎర్రర్ తరువాత ప్రపంచం ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడం మరో ఎత్తు అని మనం గ్రహించాలి. 2019 ఫిబ్రవరిలో వచ్చిన పోస్ట్‌గ్రెస్ విడుదలల నుంచి ఎఫ్‌సింక్ విఫలమైతే డేటాబేస్ తనను తాను వెంటనే ఆపేసుకుంటుంది. తిరిగి లేచినప్పుడు తన లాగ్ నుంచి ఆ మార్పులను మళ్లీ చేసుకుంటుంది. మీరు కూడా ఎఫ్‌సింక్ విఫలమైతే ఆ ఫైలును నమ్మకండి. మీ దగ్గర ఉన్న అసలు డేటాతో మొదటి నుంచి వేరే ఫైలుగా రాయండి.

డిస్క్ నిండడం గురించి ఒక మాట. చోటు చూపిస్తున్నా ఈనోస్పేస్ వచ్చే సందర్భాలు ఉన్నాయి. ప్రతి ఫైలుకూ దాని వివరాలు దాచే ఐనోడ్ ఒకటి కావాలి. ఈఎక్స్‌టీ4లో ఐనోడ్‌ల సంఖ్య ఫైల్ సిస్టమ్ తయారు చేసినప్పుడే స్థిరపడుతుంది. మామూలుగా ప్రతి 16,384 బైట్లకు ఒకటి. చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో పెడితే బైట్లు మిగిలి ఉండగానే ఐనోడ్‌లు అయిపోతాయి. డీఎఫ్ ఆదేశానికి ‘ఐ’ చేర్చి చూస్తే ఆ లెక్క కనిపిస్తుంది. అలాగే నూటికి ఐదు వంతుల చోటును రూట్ కోసం, అంటే నిర్వాహకుడి ఖాతా కోసం, పక్కన పెడతారు. ఒక టెరాబైట్ డిస్క్‌లో అది సుమారు 50 గిగాబైట్లు. రూట్‌గా పరీక్షించినప్పుడు బాగా నడిచిన ప్రోగ్రామ్ మామూలు వాడుకరిగా నడిపితే ఆగిపోవడానికి ఇదొక కారణం. ఇంకొకటి, ఫైలును తీసేసినా ఏదైనా ప్రాసెస్ దాన్ని తెరిచి ఉంచితే చోటు తిరిగి రాదు. పెద్ద లాగ్ ఫైలు తీసేశాం, అయినా డిస్క్ నిండే ఉందేమిటని తలపట్టుకునేవాళ్లకు సమాధానం చాలాసార్లు ఇదే.

ఇదంతా పెద్ద సంస్థలకు జరగదనుకోకండి. 2023 ఆగస్టు 29న టొయోటా జపాన్‌లో 14 కర్మాగారాల్లో 28 ఉత్పత్తి వరుసలను ఆపవలసి వచ్చింది. కారణాన్ని ఆ సంస్థే ప్రకటించింది. విడిభాగాల ఆర్డర్లు చూసే సర్వర్ల మీద 27వ తేదీన మామూలు నిర్వహణ పని చేశారు. డేటాబేస్‌లో పేరుకున్న సమాచారాన్ని తీసేసి సర్దుతుండగా డిస్క్‌లో చోటు చాలక ఎర్రర్ వచ్చి వ్యవస్థ ఆగింది. ప్రత్యామ్నాయ సర్వర్లు కూడా అదే వ్యవస్థ మీద ఉన్నాయి, అవీ అలాగే ఆగాయి. చివరికి ఎక్కువ చోటున్న సర్వర్‌కు డేటాను మార్చాక పని మొదలైంది. గమనించండి, సమాచారాన్ని తీసేయబోయినప్పుడే చోటు చాలలేదు. చాలా డేటాబేసుల్లో తీసేయడం కూడా ఒక రాతే. అందుకే ‘డిస్క్ నిండితే అప్పుడు చూసి కొంత తీసేద్దాం’ అనే ఆలోచన నాకు భయం కలిగిస్తుంది.

మరి ఎర్రర్ పట్టుకున్నాక ఏమి చేయాలి? లాగ్‌లో రాస్తాం అంటారు. లాగ్ ఉన్నది అదే నిండిన డిస్క్ మీద కావచ్చు. కాబట్టి స్టాండర్డ్ ఎర్రర్‌కు రాయండి, సున్నా కాని స్థితితో ముగించండి, తెర ముందు మనిషి ఉంటే ఆ మనిషికి చెప్పండి. సందేశంలో ఏ ఫైలు, ఏ పని చేస్తుండగా, ఏ కారణం అనే మూడూ ఉండాలి. ‘ఏదో లోపం జరిగింది’ అనే సందేశం వేబ్రిడ్జి దగ్గర రాత్రి పూట కూర్చున్న గుమాస్తాకు ఏమి చెబుతుంది? ‘బరువు నమోదు కాలేదు, డిస్క్‌లో చోటు లేదు, ఈ లారీ వివరం చేతితో రాసుకోండి’ అని తెలుగులో చెబితే ఆ లారీ లెక్క దక్కుతుంది. ప్రోగ్రామ్ ఆ మాట చెప్పడానికి కావలసినదంతా దానికి కెర్నల్ ముందే ఇచ్చింది.

ఆపకుండా నడవవలసిన కొలత పరికరాల కోసం ఇంకో జాగ్రత్త ఉంది. ఆ రోజుకు కావలసిన చోటును ముందే ఫాలోకేట్‌తో ఫైలుకు కేటాయించుకోండి. చోటు లేకపోతే ఉదయం ఆరంభించేటప్పుడే తెలుస్తుంది, తుపాను మధ్యలో కాదు. మెమరీ మ్యాప్ ద్వారా ఫైలుకు రాసేవాళ్లకు ఇది మరీ అవసరం. అక్కడ రైట్ పిలుపే లేదు, ఫలితం చూడడానికి చోటే లేదు. చోటు కేటాయించని భాగంలో రాయబోయినప్పుడు డిస్క్ నిండి ఉంటే సిగ్‌బస్ అనే సిగ్నల్ వచ్చి మీ ప్రాసెస్ చనిపోతుంది.

పరీక్షించడం సులువు. ‘డెవ్ ఫుల్’ చూశారు. కొంత రాశాక నిండే డిస్క్ కావాలంటే ఒక మెగాబైట్ పరిమాణంతో, మెమరీలోనే ఉండే టీఎంపీఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేయండి, ఒక్క ఆదేశం. మూడో రైట్ మాత్రమే విఫలం కావాలంటే స్ట్రేస్‌లోనే ఎర్రర్‌ను చొప్పించే ఏర్పాటు ఉంది. ఇక్కడున్న అధ్యాపకులకు నా విన్నపం: ల్యాబ్ రికార్డులో ప్రతి ఫైలు ప్రోగ్రామ్‌ను ఒకసారి ‘డెవ్ ఫుల్’ మీద నడిపించి, ముగింపు స్థితి సున్నా వస్తే సంతకం పెట్టకండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

విద్యార్థిని: మేడమ్, రాసే ముందే ఎంత చోటుందో చూసుకుంటే ఈ బాధంతా ఉండదు కదా?

చూడండి, మంచిదే, వాడుకరికి ముందే హెచ్చరించవచ్చు. కానీ మీరు చూసిన క్షణానికి, రాసే క్షణానికి మధ్య ఇంకో ప్రాసెస్ ఆ చోటును తీసుకోవచ్చు. కోటాలు, రూట్ కోసం పక్కన పెట్టిన భాగం, ఐనోడ్‌లు, ఇవన్నీ ఆ ఒక్క సంఖ్యలో కనిపించవు. ముందు చూసినా సరే, రైట్ ఫలితం చూడక తప్పదు. ఒకటే చేయగలిగితే రెండోదే చేయండి.

విద్యార్థి: మేము సీ రాయడం తక్కువ మేడమ్. పైథాన్, జావాల్లో ఇవన్నీ భాషే చూసుకోదా?

కొంత వరకు. పైథాన్‌లో విత్ వాడి ఫైలు తెరిస్తే, ఆ బ్లాక్ చివర మూసేటప్పుడు ఎర్రర్ వస్తే ఎక్సెప్షన్‌గా మీకు అందుతుంది. విత్ లేకుండా తెరిచి, మూయకుండా వదిలేస్తే అందదు. పైథాన్ 3.6 నుంచి ప్రోగ్రామ్ చివర అవుట్‌పుట్ ఖాళీ చేయడం విఫలమైతే ముగింపు స్థితి 120 వస్తుంది. అయితే విత్ మీ బదులు ఎఫ్‌సింక్ పిలవదు. జావాలో సిస్టమ్ అవుట్ ప్రింట్ ఎర్రర్లను మింగేస్తుంది, చెక్‌ఎర్రర్ అని అడిగితే తప్ప చెప్పదు. గోలో డిఫర్‌తో క్లోజ్ పెట్టి ఫలితాన్ని వదిలేయడం పెద్ద అలవాటు. రస్ట్ ఈ విషయంలో చాలా కచ్చితమైన భాష, అయినా ఫైలు వేరియబుల్ పరిధి దాటినప్పుడు జరిగే మూసివేతలో వచ్చిన ఎర్రర్‌ను అదీ వదిలేస్తుంది. మీరు వాడే భాషలో మూసేటప్పుడు వచ్చిన ఎర్రర్ ఎటు పోతుందో ఈ రాత్రే చూడండి, ‘డెవ్ ఫుల్’ మీ యంత్రంలోనే ఉంది.

విద్యార్థి: క్లోజ్ విఫలమైతే మళ్లీ క్లోజ్ పిలవాలా?

లినక్స్‌లో పిలవకూడదు. క్లోజ్ ఎర్రర్ ఇచ్చినా ఆ ఫైల్ డిస్క్రిప్టర్ అప్పటికే విడుదలైపోయి ఉంటుంది. ఈలోగా మీ ప్రోగ్రామ్‌లోనే ఇంకో త్రెడ్ వేరే ఫైలు తెరిస్తే అదే సంఖ్య దానికి దొరకవచ్చు, మీ రెండో క్లోజ్ ఆ ఫైలును మూసేస్తుంది. అందుకే క్లోజ్ దాకా ఆగకుండా ముందు ఎఫ్‌సింక్ పిలవమన్నాను. అక్కడ ఎర్రర్ వస్తే డిస్క్రిప్టర్ ఇంకా మీ చేతిలో ఉంటుంది, తాత్కాలిక ఫైలు పేరూ మీకు తెలుసు, పాత ఫైలు అలాగే ఉంది. తాత్కాలిక ఫైలును మూసి, తీసేసి, కారణం చెప్పి వెనక్కి రండి. తరువాతి ప్రశ్న ఎవరిది?